వాలు తోటల్లో చిన్న ట్రాక్టరు: స్థిరత్వం, పరిశీలన, నిర్వహణ

రాళ్లు, బురద, ఎత్తుపల్లాల మధ్య సాగే పొలం పనులకు పాశ్చాత్య దేశాల రైతులు నాలుగు చక్రాల ఆల్ టెరైన్ వాహనాన్ని వాడుతుంటారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆ పనుల భారమంతా చిన్న ట్రాక్టరు మీదనే పడుతోంది. మామిడి తోటలో అంతరసేద్యం, పూత సమయంలో మందు పిచికారి, చెరువు పూడిక మట్టి తోలడం, సర్కారు తుమ్మ మొద్దులు పెరకడం, కాయలను మార్కెట్టుకు చేర్చడం అన్నీ ఒకే యంత్రం, తరచుగా ఒకే మనిషి చేస్తున్నారు. ఆ మనిషి చాలా కుటుంబాల్లో యంత్రం యజమాని, ఇంటికి ఆధారం కూడా.

చిన్న ట్రాక్టరు గురించి మనం రైతులకు చెప్పే మాటలు ఎక్కువగా పనిముట్లు, కూలీ ఖర్చు, ఆదా అయ్యే సమయం చుట్టూ తిరుగుతాయి. వాలు నేల మీద యంత్రం ఎప్పుడు ఒరుగుతుంది, ఎందుకు వెనక్కి లేస్తుంది అన్న విషయాలు శిక్షణలో చివరి పది నిమిషాలకు మిగులుతాయి. ట్రాక్టరు బోల్తా పడేటప్పుడు చోదకుని నైపుణ్యానికి దొరికే వ్యవధి అత్యల్పం. చక్రాల మధ్య వెడల్పు, బరువు ఉన్న ఎత్తు, ముందు ఇరుసు మీది భారం, గొలుసు తగిలించిన చోటు, బ్రేకుల స్థితి ఇవన్నీ ఇంజను ఆగి ఉన్నప్పుడు నిర్ణయమయ్యేవే. కనుక భద్రతలో అధిక భాగం యంత్రం కదలకముందే సమకూరాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం.

ఈ ప్రాంతపు నేల స్వభావం

దక్షిణ రాయలసీమలో ఎర్ర గరప నేలలు, ఎర్ర ఇసుక నేలలు ఎక్కువ. వేరుశనగ పండే మెట్ట పొలాలు సాధారణంగా స్వల్పమైన వాలులో ఉంటాయి. మామిడి తోటలు మాత్రం శేషాచల పాదభూముల నుంచి పలమనేరు, కుప్పం వైపు గుట్టల అంచుల దాకా విస్తరించాయి. ఇతర పంటలకు అనువు కాని రాతి నేలలను కూడా తోటలుగా మార్చడం వల్ల యంత్రం తిరిగే వాలు క్రమంగా పెరిగింది.

ఈ ప్రాంతానికి నైరుతి రుతుపవనాలతోపాటు ఈశాన్య రుతుపవనాల వాన కూడా అందుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలకు పైపొర నానుతుంది, గెనాల అంచులు మెత్తబడతాయి, వంకల ఒడ్లు కోసుకుపోతాయి. అటు తరువాత కొద్ది వారాలకే మామిడి పూత మీద తేనెమంచు పురుగు, బూడిద తెగుళ్ల నివారణకు పిచికారి మొదలవుతుంది. నిండు ట్యాంకు మోసే ట్రాక్టరు వానలకు చెదిరిన నేల మీద నడవవలసి వస్తుంది. వేసవిలో గట్టిగా ఉండి భారాన్ని మోసిన గెనెం అంచు డిసెంబరులో కుంగిపోవచ్చు. ఏటా అదే దారిలో వెళ్లిన అనుభవం ఇక్కడ భరోసా ఇవ్వదు.

పక్కకు బోల్తా పడే కోణం

ట్రాక్టరు బరువంతా ఒక బిందువు వద్ద కేంద్రీకృతమైనట్లు భావించే చోటు గరిమనాభి. దాని నుంచి కిందికి గీసిన నిట్టనిలువు రేఖ చక్రాల ఆధార భూమిలో ఉన్నంతవరకు యంత్రం నిలుస్తుంది. రేఖ దిగువ చక్రం దాటితే బోల్తా పడుతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే విలువ, యంత్రం ఒరిగే కోణపు టాంజెంటుకు సమానం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చక్రాల మధ్య వెడల్పు 90 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుంటే నిష్పత్తి 0.75, కోణం సుమారు 37 డిగ్రీలు. చక్రాలను సర్ది వెడల్పును 110 సెంటీమీటర్లు చేస్తే కోణం 42 డిగ్రీలు దాటుతుంది. వెడల్పు పెంచకుండా ఎత్తైన చట్రం మీద నిండు ట్యాంకు అమర్చగా గరిమనాభి 75 సెంటీమీటర్లకు లేచిందనుకుంటే కోణం 31 డిగ్రీలకు పడిపోతుంది.

37 డిగ్రీలు అనగానే చాలా వెసులుబాటు ఉన్నట్లు తోస్తుంది. అది యంత్రం కదలకుండా, నేల నున్నగా ఉన్నప్పటి లెక్క. ఎగువ చక్రం 15 సెంటీమీటర్ల రాయి ఎక్కి, దిగువ చక్రం 10 సెంటీమీటర్ల గాడిలో దిగితే, 90 సెంటీమీటర్ల వెడల్పుకు ఆ 25 సెంటీమీటర్ల తేడా దాదాపు 16 డిగ్రీల ఒరుగుగా మారుతుంది. మిగిలేది 21 డిగ్రీలు. నిండు ట్యాంకుతో అయితే 15 డిగ్రీలు. పైగా ముందు ఇరుసు మధ్యలో ఒక కీలు మీద ఊగుతుంది. అందువల్ల ఒరుగు మొదలయ్యే దశలో ఆధార భూమి దీర్ఘచతురస్రంగా కాక, రెండు వెనుక చక్రాలు, ముందు కీలు కలిసిన త్రిభుజంగా ఉంటుంది. అంటే లెక్కలో వచ్చిన కోణానికి ముందే ఒరుగు ఆరంభమవుతుంది. ట్యాంకు సగం నిండి ఉంటే నీరు దిగువ వైపు పారి గరిమనాభిని మరింత పక్కకు జరుపుతుంది.

మలుపులో వేగం కూడా ఈ వెసులుబాటునే హరిస్తుంది. 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగే మలుపులో గంటకు 10 కిలోమీటర్ల వేగానికి అపకేంద్ర బలం యంత్రం బరువులో సుమారు 16 శాతం. వేగం 20 కిలోమీటర్లయితే అది నాలుగు రెట్లు పెరిగి 63 శాతమవుతుంది. పై ఉదాహరణలోని యంత్రాన్ని సమతల నేల మీద బోల్తా కొట్టించడానికి 75 శాతం చాలు. తారురోడ్డు మీద హాయిగా అనిపించిన వేగం తోటలోని మలుపులో ఎందుకు ప్రాణాంతకమో ఈ అంకెలు చెబుతాయి.

వాలుకు అడ్డంగా సేద్యం: సిఫారసుకు ఒక హద్దు

నేల కోతను అరికట్టి, వాన నీటిని నిలుపుకోవడానికి వాలుకు అడ్డంగా దున్నాలన్నది మెట్ట వ్యవసాయంలో మౌలికమైన సిఫారసు. వేరుశనగ పొలాల్లో దీనికి ఏ అభ్యంతరమూ లేదు. 3 శాతం వాలు అంటే రెండు డిగ్రీలు కూడా కాదు. యంత్రం స్థిరత్వానికి అది లెక్కలోనిది కాదు. గుట్ట అంచు తోటలో పరిస్థితి వేరు. నేల సంరక్షణకు మేలైన దిశే ట్రాక్టరుకు అత్యంత అస్థిరమైన దిశ అవుతుంది. నేలను కాపాడే సలహా, దానిని అమలుచేసే మనిషిని ప్రమాదంలోకి నెట్టకూడదు.

కనుక ఈ సిఫారసుతోపాటు ఒక కోణాన్ని కూడా చెప్పడం అవసరం. పై లెక్కల్లోని రాయి, గాడి, ట్యాంకు, మలుపు అన్నిటినీ కలిపి చూస్తే, ఇటువంటి కొలతలున్న చిన్న ట్రాక్టరును వాలుకు అడ్డంగా నడిపే పనికి 10 డిగ్రీలను పైహద్దుగా పాటించడం వివేకం. తయారీదారు చేతిపుస్తకం అంతకంటే తక్కువ చెబితే దానినే అనుసరించాలి. కొలవడానికి పరికరం అక్కరలేదు. ఒక మీటరు పొడవైన కర్రను ఎగువ కొన నేలకు ఆనించి, సగం నీళ్లున్న సీసాను పైన అడ్డంగా ఉంచి మట్టం చూసుకోవాలి. దిగువ కొన నుంచి నేలకు ఉన్న ఎత్తు 17 లేదా 18 సెంటీమీటర్లయితే వాలు 10 డిగ్రీలు. 27 సెంటీమీటర్లయితే 15 డిగ్రీలు.

ఆ హద్దు దాటిన చోట నేలను కాపాడే మార్గాలు వేరే ఉన్నాయి. చెట్టుకు దిగువన అర్ధచంద్రాకారపు కట్టలు, ఎడం ఎడంగా తవ్విన కందకాలు, పాదుల్లో ఆకులు, గడ్డితో మల్చింగ్, వరుసల మధ్య గడ్డిని పెరకకుండా కోసి వదలడం వంటివి ట్రాక్టరు లేకుండానే సాధ్యం. కలుపు కోయడానికి చేతితో మోసే బ్రష్ కట్టర్ సరిపోతుంది. మొత్తం తోటను ఒకే యంత్రంతో సేద్యం చేయాలన్న నియమమేమీ లేదు.

వెనక్కి లేచే ట్రాక్టరు

పక్కకు ఒరిగే యంత్రం కొన్నిసార్లు ముందుగా సూచన ఇస్తుంది. వెనక్కి లేచే యంత్రం ఇవ్వదు. వెనుక చక్రాలు బురదలో బిగుసుకొని తిరగలేనప్పుడు, ఇంజను ఇచ్చే టార్కు చక్రాలను తిప్పడానికి బదులు ఇరుసు చుట్టూ ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. తిరిగి దించలేని స్థితికి చేరడానికి ముప్పాతిక సెకను, పూర్తిగా వెనక్కి పడడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ప్రమాదాన్ని గ్రహించి కాలు క్లచ్ మీదికి చేరేలోపే పరిస్థితి చేయి దాటుతుంది.

మొద్దు పెరికేటప్పుడు గొలుసును టాప్ లింక్ చోటుకో, ఇరుసు తొడుగుకో కట్టడం ఈ ప్రమాదానికి ప్రధాన హేతువు. లాగే బిందువు ఇరుసు కంటే పైన ఉంటే ప్రతి లాగుడూ ముందు చక్రాలను లేపుతుంది. గొలుసును డ్రాబార్‌కే, దాని నియమిత ఎత్తులోనే తగిలించాలి. సర్కారు తుమ్మ వేర్లు లోతుకు పోతాయి కనుక ముందుగా చుట్టూ తవ్వి, పక్కవేర్లు నరికిన తరువాతే లాగాలి. చెరువులో మట్టి తోలేటప్పుడు దిగబడితే చక్రాల ముందు మొద్దులు పెట్టి ముందుకు ఎక్కించే ప్రయత్నం చేయరాదు. ట్రాలీ విప్పి, చక్రాల వెనుక మట్టి తీసి, వెనక్కి రావాలి; రాకపోతే మరో ట్రాక్టరుతో లాగించాలి.

ముందు ఇరుసు మీద ఎంత బరువు ఉండాలి

ట్రాక్టరును స్టీరింగు అదుపులో ఉంచాలంటే మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలన్నది సాధారణ నియమం. 850 కిలోల ట్రాక్టరులో 340 కిలోలు ముందు ఇరుసు మీద, ఇరుసుల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. వెనుక ఇరుసుకు 80 సెంటీమీటర్ల వెనుక 300 లీటర్ల నీరు వేలాడితే ముందు ఇరుసు నుంచి 160 కిలోలు తగ్గుతాయి. మిగిలే 180 కిలోలు మొత్తం 1,150 కిలోల్లో 16 శాతం కూడా కావు. ఖాళీ ట్యాంకు బరువు, మనిషి బరువు కలపకముందే హద్దు తప్పింది. ముందు ఇరుసుకు అర మీటరు ముందర 60 కిలోల దిమ్మెలు అమరిస్తే ఆ ఇరుసు మీది భారం 260 కిలోలకు, అంటే 21 శాతం పైకి చేరుతుంది. ముందు దిమ్మెలను అదనపు అలంకారంగా భావించి ఇంట్లో వదిలే అలవాటు ఎంత ప్రమాదకరమో విద్యార్థులకు ఈ లెక్క చేయించి చూపవచ్చు.

పని ప్రారంభించే ముందు పరిశీలన

పరిశీలనకు ఒక క్రమం ఉంటే ఏదీ మరుపున పడదు. సమతల నేల మీద, ఇంజను ఆపి, పనిముట్టును నేలకు దించి, ముందు ఎడమ చక్రం వద్ద మొదలుపెట్టి చుట్టూ తిరిగి అక్కడికే రావాలి.

1. టైర్లు, చక్రాల నట్లు: రెండు వైపులా గాలి సమానంగా ఉండాలి. దిగువ టైరులో గాలి తక్కువైతే అది అణిగి వాలును పెంచుతుంది. వదులైన నట్టు చుట్టూ తుప్పు రంగు చారలు కనిపిస్తాయి.

2. కారుడు: యంత్రం రాత్రి నిలిపిన చోట నేల మీద నూనె, నీరు, డీజిలు మరకలు వెదకాలి. హైడ్రాలిక్ గొట్టాల కారుడును చేతితో తడిమి చూడరాదు. ఒత్తిడితో చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

3. ఇంజను నూనె, రేడియేటర్ నీరు: రెండింటినీ ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి రేడియేటర్ మూత తెరవరాదు.

4. ఎయిర్ క్లీనర్: ఎర్ర నేలల దుమ్ము సన్నని ఆకురాయి వంటిది. నూనె తొట్టి రకమైతే అడుగున చేరిన మడ్డిని చూసి నూనె మార్చాలి. దుమ్ము రేగే రోజుల్లో ఈ పని చేతిపుస్తకం చెప్పిన గడువు కంటే ముందే అవసరమవుతుంది.

5. బ్రేకులు: ఎడమ, కుడి పెడళ్లను కలిపే కొక్కెం సరిగా పడాలి. నెమ్మదిగా నడిపి రెండింటినీ కలిపి తొక్కితే యంత్రం పక్కకు లాగకుండా ఆగాలి. సాలు చివర తిరగడానికి విడిగా వాడిన పెడళ్లను రోడ్డెక్కే ముందు తప్పక కలపాలి. వేగంలో ఒక్క చక్రానికే బ్రేకు పడితే ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది.

6. పీటీవో తొడుగు: నిమిషానికి 540 చుట్లు అంటే సెకనుకు 9 చుట్లు. 7 సెంటీమీటర్ల మందమున్న షాఫ్టు సెకనుకు దాదాపు రెండు మీటర్ల గుడ్డను చుట్టుకోగలదు. పంచె కొస, తువ్వాలు, చీర కొంగు ఏది చిక్కినా విడిపించుకునే వ్యవధి ఉండదు. తొడుగు పగిలితే ఆ రోజు పిచికారి ఆపాలి.

7. పిన్నులు: టాప్ లింక్, కింది లింకులు, ట్రాలీ పిన్నులకు అసలైన లించ్ పిన్నులే ఉండాలి. వంచిన మేకు వాటికి బదులు కాదు.

8. స్టార్టింగు: సీటులో కూర్చొని, గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాళంచెవితోనే ఇంజను ఆన్ చేయాలి. స్విచ్ పాడైందని నేల మీద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు కొనలను కలిపితే, గేరులో ఉన్న ట్రాక్టరు ఆ మనిషి మీదికే కదులుతుంది.

అలవాటైన చేతికి ఈ పరిశీలన పది నిమిషాల పని.

నడిపేటప్పుడు

ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి. డీజిలు ఆదా అవుతుందని దిగుడులో న్యూట్రల్ చేస్తే ఇంజను ఇచ్చే నిలుపుదల పోతుంది. మామిడి కాయలు నిండిన ట్రాలీ వెనుక నుంచి తోస్తుంటే ట్రాక్టరు బ్రేకు ఒక్కటే దాన్ని ఆపలేదు. దిగుడు మొదలయ్యాక గేరు మార్చే ప్రయత్నం కూడా చేయరాదు. వాలులో తిరగవలసి వస్తే దిగువ వైపుకు, వేగం తగ్గించి, పనిముట్టును వీలైనంత కిందికి ఉంచి తిరగాలి. గెనెం లేదా వంక ఒడ్డు నుంచి కనీసం ఆ ఒడ్డు లోతుకు సమానమైన దూరం వదలాలి. డిఫరెన్షియల్ లాక్ తిన్నగా పోయేటప్పుడే వాడి, మలుపుకు ముందు విడవాలి.

మడ్‌గార్డు మీద మరొకరిని కూర్చోబెట్టడం మన పల్లెల్లో సర్వసాధారణం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ట్రాక్టరు స్వయంగా భారం మోయడానికి నిర్మించినది కాదు. చిన్న ట్రాక్టరుకు ఉన్నది ఒకే సీటు. కుదుపుకు జారిన మనిషి పడేది వెనుక చక్రం ముందే.

గంటల లెక్కన నిర్వహణ

ట్రాక్టరు వయసును నెలలతో కాక గంటల మీటరుతో కొలవాలి. ప్రతి 10 గంటలకు పై పరిశీలన, గ్రీజు చుక్కలు; 50 గంటలకు ఫ్యాన్ బెల్టు బిగువు, బ్యాటరీ కొనలు, క్లచ్ పెడల్ ఆట; ఆపై సుమారు 250 గంటలకు ఇంజను నూనె, ఫిల్టర్లు; 500, 1,000 గంటలకు ఇంధన వ్యవస్థ, గేరుబాక్సు, హైడ్రాలిక్ నూనెలు అన్నది స్థూలమైన క్రమం. కచ్చితమైన గడువులు ఆయా నమూనా చేతిపుస్తకంలోనివే పాటించాలి.

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ ద్వారా అద్దె యంత్ర కేంద్రాలకు ప్రోత్సాహం లభించింది. ఒక యంత్రాన్ని పలువురు నడిపే ఈ ఏర్పాటులో నిర్వహణ ఎవరి బాధ్యతో తేలకపోవడం సహజమైన చిక్కు. తాళంచెవితోపాటు ఒక పుస్తకం చేతులు మారడమే దీనికి సులువైన పరిష్కారం. తీసుకున్న గంట, అప్పగించిన గంట, కనిపించిన లోపం, చోదకుని సంతకం అనే నాలుగు గడులు చాలు. నిన్న బ్రేకు లాగుతోందని రాసి ఉంటే, నేడు ఆ ట్రాక్టరును వాలు తోటకు పంపకూడదని కేంద్రం నిర్ణయించగలదు.

బోల్తా రక్షణ చట్రం

పై జాగ్రత్తలన్నీ విఫలమైనప్పుడు ప్రాణం నిలిపేది సీటు వెనుక నిలిచే ఇనుప చట్రం, సీటు బెల్టు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఈ చట్రాన్ని తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియా 2021 అక్టోబరు నుంచి పొలం పనులకు వాడే సాధారణ రకం కొత్త క్వాడ్ బైక్‌లకు కూడా చోదక రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసింది. మన తోటల్లో తిరిగే చాలా చిన్న ట్రాక్టర్లకు ఈ చట్రం కనిపించదు. కొమ్మలు తగులుతాయన్నది రైతులు చెప్పే కారణం. మడిచే చట్రం దానికి సమాధానం. కొమ్మల కింద మాత్రమే మడిచి, బయటికి రాగానే నిలపాలి. చట్రం నిలిచి ఉన్నప్పుడు బెల్టు తప్పనిసరి. చట్రం లేనప్పుడు, మడిచినప్పుడు బెల్టు కట్టుకోరాదు. అది మనిషిని యంత్రంతోనే కిందికి లాగుతుంది.

విస్తరణ కార్యక్రమాల్లో చేయదగినవి

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ మనకు అందుబాటులో ఉంది. అద్దె కేంద్రాల చోదకులను అటువంటి శిక్షణకు పంపడం ఒక మార్గం. గ్రామస్థాయిలో అంతకంటే తేలికగా చేయదగినవి మూడు ఉన్నాయి. మొదటిది, ప్రతి యంత్ర ప్రదర్శనను చుట్టూ తిరిగి చూసే పరిశీలనతోనే ఆరంభించి, దానిని రైతు చేత చేయించడం. రెండవది, తోటను సందర్శించినప్పుడు మీటరు కర్రతో వాలు కొలిచి, ట్రాక్టరు వెళ్లకూడని భాగాన్ని సున్నపు గుర్తులతో వేరుచేయడం. మూడవది, వాలుకు అడ్డంగా దున్నమని రాసే ప్రతి కరపత్రంలో 10 డిగ్రీల హద్దును, ఆపై చేయవలసిన ప్రత్యామ్నాయాన్ని చేర్చడం.

వ్యవసాయ విద్యార్థులకు యంత్ర స్థిరత్వం ఇంజనీరింగు విభాగపు పాఠంగా మాత్రమే మిగలకూడదు. సేద్య దిశను, పిచికారి సమయాన్ని, మట్టి తోలే కాలాన్ని నిర్ణయించేది సేద్య శాస్త్రమే. ఆ నిర్ణయాల వల్ల ట్రాక్టరు ఏ వాలు మీదికి, ఎంత తడి నేల మీదికి, ఎంత బరువుతో వెళ్తుందో సిఫారసు రాసే వేళే లెక్కించడం మన బాధ్యత.